అమ్మ చేత పెట్టించిన సంతకం

పొద్దుటి ప్రార్థన ముగించుకుని కృపమ్మ వంటింట్లో మైదా జల్లిస్తోంది. వీధి చివరి సాలమోను కూతురి పెళ్ళి దగ్గర పడింది. అమలాపురంలో ఆ పేటలో ఏ పెళ్ళికైనా కేకు ఆవిడే చేస్తుంది. భర్త పోయాక కొడుకు మధుబాబును చదివించింది ఆ కేకులతోనే.

ఆ కొడుకే ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతని వాలకం చూసి కోడలు ఝాన్సీ కూడా చేతిలో పని వదిలి వచ్చింది.

"అది ఆపెయ్యమ్మా. నువ్వింక కేకులు అమ్మకూడదంట."

ఏడాది కిందట మధుబాబు ఒక పెద్ద కంపెనీ పేరుతో గడియారస్తంభం దగ్గర బేకరీ తెరిచాడు. కలిసొస్తుందని తల్లి పేరున పెట్టి, ఆవిడ చేతే సంతకాలు చేయించాడు. బేరాలు లేక దుకాణం మూతపడింది. ఒప్పందంలోని షరతు మాత్రం మిగిలింది. దుకాణం వదులుకున్నాక రెండేళ్ళ దాకా, సంతకం చేసినవారు గాని వారి ఇంట్లోవారు గాని ఈ జిల్లాలో ఎక్కడా కేకులు చేసి అమ్మకూడదు. కృపమ్మ సంగతి ఎవరి ద్వారానో కంపెనీకి చేరింది. మానకపోతే కోర్టుకు వెళతామని వాళ్ళ వకీలు ఫోన్ చేశాడట. అలాంటి షరతు కోర్టులో నిలవకపోవచ్చుగాని, అది తేలేదాకా తిరిగే ఓపిక ఉండాలని తెలిసిన ప్లీడరుగారు అన్నారట.

కృపమ్మ జల్లెడ పక్కన పెట్టింది.

"ఆ షరతు నువ్వు చదివేవా?"

"చదివేనమ్మా."

"చదివే నాచేత సంతకం పెట్టించేవా?"

మధుబాబు తల దించుకున్నాడు. "నువ్వు చేసేది వ్యాపారమని నేననుకోలేదమ్మా. ఏదో ఇంట్లో చేసి ఇస్తున్నావనుకున్నాను."

 కంపెనీ మాట కన్నా ఈ మాటే కృపమ్మ గుండెలో దిగబడింది.

"ఆ మాట అనకుండా ఉండాల్సిందండీ," అంది ఝాన్సీ మెల్లగా.

కేకు చెయ్యలేమని చెప్పడానికి సాలమోను ఇంటికి మధుబాబే వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. సాలమోను పల్లెత్తు మాట అనలేదట. అతని భార్య మాత్రం, తన పెళ్ళికీ కృపమ్మగారే చేసేరని చెప్పి కళ్ళు ఒత్తుకుందట. కేకు రావులపాలెంలో చేయించుకుంటారట.

"ఊరంతటికీ తెలుసమ్మా నీ విలువ. నాకే తెలీలేదు," అంటూ తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"రెండేళ్ళకి నాకు డెబ్బై వచ్చేస్తాయిరా. అప్పటికి ఈ చేతులు ఆడతాయో లేదో," అందావిడ ఎటో చూస్తూ.

"నాకు నేర్పమ్మా."

"నేర్చుకుని ఏం చేస్తావు? నువ్వూ అమ్మకూడదుగా."

"ఇప్పుడమ్మను. మనం తిందాం."

 ఆవిడ లేచి గుడ్లు తెచ్చి అతని ముందు పెట్టింది. మధుబాబు గిన్నెలో కొట్టి గిలక్కొడుతుంటే చేయి బిగుసుకుపోయి చుట్టూ చిందుతోంది. చూసి చూసి కృపమ్మ అతని మణికట్టు పట్టుకుని, మెల్లగా తిప్పడం చూపించింది. కోపం తీరలేదు. అయినా ఆ చెయ్యి వదల్లేదు.