అచ్చులో ఊపిరి

అసుర సంధ్య... పడమటి ఆకాశం నెత్తురు కక్కుతోంది! ఉరుము ఉరిమితే చాలు, గ్యాలరీ కిటికీలు గజగజలాడుతున్నాయి. వెంటిలేటర్ మీద వాలిన గుడ్లగూబ ఒక్క కూత కూసి ఊరుకుంది. కాసేపట్లో ఆ హాలు తలుపులు తెరుస్తారు. ఇనుము, గాజు, కాల్చిన మట్టి, మైనం... తలా ఒక పదార్థంతో శిల్పులు చేసిన పనులన్నీ లోపల కొలువుతీరి ఉన్నాయి.

ఇనుపతుక్కుతో గుర్రాన్ని నిలబెట్టిన వెల్డర్ అక్కకు మాత్రం ఆ సంబరం లేదు. వెనక గదిలో, చెక్కపెట్టెల మధ్య, ఆమె చెల్లెలు మెలికలు తిరిగిపోతోంది! కళ్ళు తెల్లగా తేలిపోయాయి. ఆ లేత కంఠంలోంచి ఒక మగగొంతు గరగరలాడింది.

"తలుపులు తెరవనీ... జనం చూపు నా శిల్పం మీద పడనీ... దాని కళ్ళు తెరుచుకుంటాయి! దీని కళ్ళు మూతపడతాయి!"

ఆ గొంతు మైనం మాస్టారిది. ప్రదర్శనకు పెద్దదిక్కు ఆయనే; నోట్లో బెల్లం, కడుపులో కాలకూటం! హాలు నడుమ ఉన్నది ఆయన శిల్పమే. నిజమైన కపాలం, దానికి తొడిగిన మైనపు ముఖం... చెల్లెలి ముఖం! మోడల్‌గా కూర్చోమ్మా అని తీయగా పిలిచి, పిల్ల ముఖాన ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు. ఆ రోజు నుంచే పిల్ల ఊపిరి తరిగిపోతోంది.

అక్క గ్యాస్ టార్చి వెలిగించి హాల్లోకి దూకింది.

"కాల్చవే, కాల్చు!" కపాలం ముందు కూర్చుని మంత్రం జపిస్తున్న మాస్టారు వికటాట్టహాసం చేశాడు. "ఆ మైనంలో ఉన్నది నీ చెల్లెలి ప్రాణం!"

మంట బెత్తెడు దూరానికి వచ్చిందో లేదో, వెనక గదిలోంచి కేక...

"అక్కా! మండుతోందే!"

అక్క టార్చి ఆర్పేసింది. కపాలం చుట్టూ తిరిగి చూసింది. చెవి దగ్గర మైనం కాస్త పైకి లేచి ఉంది. లోపలివైపున అన్నీ బొటనవేలి ముద్రలే! అచ్చులో మైనాన్ని ఒట్టి చేతులతో అదిమాడు మహానుభావుడు.

ఆమెకు చటుక్కున వెలిగింది. ఈ మైనం చెల్లెలి చర్మాన్ని ఏనాడూ తాకలేదు. తాకింది ప్లాస్టర్ అచ్చు. ఊపిరి పోయింది ఆ దారినే... రావలసిందీ ఆ దారినే! ఆ ఊపిరి వెనక్కి వచ్చేస్తే మైనంలో మిగిలేది మాస్టారి చేతిముద్ర ఒక్కటే; అప్పుడు కాలేదీ ఆయనే.

"అచ్చు ఏది?"

"పనయ్యాక అచ్చును ఎవడు నెత్తిన పెట్టుకుంటాడే? చెత్తలో పడేశా!"

అక్క పెరటి తలుపు తన్ని, చెత్త డ్రమ్ములో మోచేతుల దాకా దేవింది. దొరికింది! అంచు విరిగినా ముఖం చెక్కుచెదరలేదు. పరుగున వచ్చి చెల్లెలి ముఖానికి తొడిగింది. ముక్కుకు ముక్కు, రెప్పకు రెప్ప అతికాయి.

"పీల్చవే తల్లీ! నీ ఊపిరి నువ్వు తీసుకోవే! అదేమన్నా వాడి అబ్బ సొత్తా?"

ఫెళఫెళమని పిడుగు! హాల్లో మంత్రం హోరెత్తింది... అచ్చులో చిన్న ఈల... ఊపిరి! అచ్చు రెండుగా పగిలింది. చెల్లెలి కళ్ళలోకి నలుపు తిరిగొచ్చింది.

"నోటినిండా సుద్దే అక్కా," అని ఉమ్మేసి లేచింది. "ఆ టార్చి ఇటివ్వు."

ఇద్దరూ హాల్లోకి నడిచారు. మాస్టారి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"కాలిస్తే... చచ్చేది నువ్వే!"

"చూద్దాం పద మాస్టారూ!" అంది చెల్లెలు.

భుగ్గున మంట! మరుక్షణం ఇనుపగుర్రం ఖంగుమంది, గాజు రెక్కలు మోగాయి, మట్టికుండలు హుంకరించాయి. నిప్పులో పుట్టినవన్నీ నిప్పుకు వంత పాడాయి! ఆ ఘోషలో క్షుద్రమంత్రం చీమ చిటుక్కుమన్నంత కూడా వినబడలేదు. మైనం బొట్టుగా జారింది... మాస్టారి బొటనవేళ్ళు జారాయి! "వద్దు! వద్దూ!" ఆర్తనాదం... మణికట్లు, భుజాలు, ఆ తీయని నోరు... అన్నీ కరిగి నేల మీద మడుగుకట్టాయి.

తలుపులు తెరుచుకున్నాయి. జనం లోపలికొచ్చి, ఒట్టి కపాలాన్నీ పొగలుగక్కే మైనపు మడుగునూ చూసి నిలబడిపోయారు.

"ఇది ఎవరు చేసిన పని?" ఎవరో అడిగారు.

ముఖమంతా సుద్దతో, చేతిలో టార్చితో, చెల్లెలు ఒక అడుగు ముందుకు వేసింది.

"నేను."