మామా పంపిన మంచినీళ్ళు

"మామను పట్టుకో. ముఠా నాయకుడి కోడ్ పేరు అదే. తాగే నీళ్ళలో విషం కలపబోతున్నాడు. నీకంటే ముందు వెళ్ళిన ఏజెంట్‌ను చంపేశారు."

బొత్తాం సైజు ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్ గొంతు ఆగిపోయింది. ప్లంబర్ వేషంలో ఉన్న ఏజెంట్ పెంచల్ స్పానర్ భుజాన వేసుకున్నాడు.

1990 ఆగస్టు. ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. అక్కడి అల్ రాయ్ ప్రాంతంలోని ఒక గోడౌన్‌లో వందలమంది తెలుగువాళ్ళు ఇండియా ప్రయాణం కోసం ఎదురుచూస్తున్నారు. కుళాయిలు ఎండిపోయాయి. వీళ్ళు విషం తాగి చస్తే నింద ఇరాక్ సైన్యం మీద పడుతుంది. యుద్ధం ముదురుతుంది. ఆయుధాలమ్మే విదేశీ ముఠాకు కావలసింది అదే.

పెంచల్‌కు ఇక్కడ ఒకే ఇన్‌ఫార్మర్, రేహానా. కువైటీ వ్యాపారిని పెళ్ళాడిన హైదరాబాద్ అందగత్తె. నల్ల కళ్ళద్దాలు తీసి, ముద్దుగా నవ్వి, "మామ వీళ్ళలోనే ఉన్నాడు" అంటూ ఇద్దరు ముసలివాళ్ళను చూపించింది. పెంచల్ వాళ్ళ వెంటపడ్డాడు. ఒకాయన పావురాలకు గింజలు చల్లాడు. రెండో ఆయన హాయిగా నిద్రపోయాడు.

ఇంతలో గోడౌన్ ముందుకు నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. జనం పొంగిపోయారు. కడప నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసే తిరుపాలమ్మ మొదటి గ్లాసు పట్టుకుని, ఆ చల్లదనాన్ని చెంపకు ఆనించుకుని మురిసిపోయింది.

"మా మామా పంపిచ్చింది సార్. సల్లగుండాల."

పెంచల్ నవ్వాడు. "మామ అయితే పంపిచ్చినాడు అనల్ల గదమ్మా?"

"అయ్యో, మొగోడు గాదు సార్. ఈడ మేం పనిజేసే ఇంటామెను మామా అంటాం. మా రేహానా మామా."

స్పానర్ కింద పడింది. గ్లాసు అప్పటికే ఆమె పెదాలకు తగులుతోంది. పెంచల్ ఒక్క దెబ్బతో దాన్ని ఎగరగొట్టాడు. జేబులోంచి పెన్ తీసి ట్యాంకర్ నీళ్ళలో ముంచాడు. విషాన్ని పసిగట్టే దాని పాళీ వంకాయ రంగుకు తిరిగింది.

వాల్వ్ మొత్తం తిప్పేశాడు.

నీళ్ళు ధారగా ఇసుకలోకి పోయాయి. జనం సీసాలతో ఎగబడ్డారు. విషమని అరిచి, ప్రాధేయపడి, చివరకు పిస్టల్ చూపించి వాళ్ళను ఆపాడు. ట్యాంకర్ ఖాళీ అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

"నువ్వు జెప్పింది నిజమే గావచ్చు సార్," అంది తిరుపాలమ్మ మెల్లగా. "మంచివి యాడ దెస్తావు మరి?"

పెంచల్ దగ్గర పిస్టల్ ఉంది, పెన్ ఉంది, రెండు దొంగ పాస్‌పోర్టులున్నాయి. నీళ్ళు మాత్రం లేవు.

జరిగింది చీఫ్‌కు రిపోర్ట్ చేశాడు. సాయంత్రానికి బొత్తాం మళ్ళీ పలికింది.

"రేహానా సరిహద్దులో దొరికింది. మిషన్ సక్సెస్. ఢిల్లీ రాగానే పార్టీ. ఏం తాగుతావో ఇప్పుడే చెప్పు."

దాహంతో నాలుక అంగిలికి అంటుకుపోయి, ఏజెంట్ పెంచల్ ఆ ఒక్క రహస్యం మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాడు.