పక్కకి రా, నాన్నా

బస్సు కదిలింది. ఆ సంగతి డ్రైవరుకి తప్ప ఇంకెవరికీ తెలియలేదు. విశాఖపట్నం శివార్లలో ఉన్న ఆ పెద్ద మైదానంలో కూలికి వచ్చిన వలంటీర్లు ఫోన్లు చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. బస్సు ముందుభాగానికి మెత్తటి స్పాంజి పరుపు కట్టారు కాబట్టి తగిలినా ప్రాణభయం లేదు. అయినా కుముదిని మాత్రం బస్సు మీంచి కళ్ళు తిప్పలేదు.

"మీ శబ్దం ఏదమ్మా?" అన్నాడు డాక్టర్ తారానాథ్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

"దారిలో ఉంది సార్," అంది కుముదిని. అది పచ్చి అబద్ధం. శబ్దం ఇంకా పుట్టనే లేదు.

అసలు గొడవంతా ఈ కొత్త బ్యాటరీ బస్సులతో వచ్చింది. పొగ లేదు, కుదుపు లేదు, చప్పుడు అసలే లేదు. మొదట్లో ఊరు మురిసిపోయింది. నెల తిరగకుండానే ఆ మురిపెం కాస్తా వదిలింది. వెనకనించి పిల్లిలా వచ్చే బస్సు కింద జనం పడుతున్నారు. హారన్ కొట్టొచ్చు కదా అంటారేమో. హారన్ కొడితే పక్కకి తప్పుకునే అలవాటు మన ఊళ్ళలో ఎవరికుంది గనక?

దానికి తారానాథ్ కనిపెట్టిన మందు తీగ స్పీకర్. మామూలు స్పీకర్ నలుదిక్కులా అరుస్తుంది. ఇది అలా కాదు. టార్చిలైటు వెలుగు ఎవరి మీద వేస్తే వాళ్ళ మీదే పడినట్టు, శబ్దాన్ని సన్నని తీగలా సాగదీసి, బస్సుకి అడ్డంగా ఉన్న మనిషి చెవిలోకే పంపుతుంది. పక్కనున్న వాడికి ఏమీ వినపడదు. మరి ఆ చెవిలో వేసే శబ్దం ఏమిటి? గట్టిగా ఉంటే మనిషి బిక్కచచ్చి ఉన్నచోటే నిలబడిపోతాడు. మెత్తగా ఉంటే లెక్కచెయ్యడు. అందుకని వలంటీర్ల మణికట్లకి ఉలికిపాటు మీటర్ అనే పట్టీ కూడా కట్టాడు. మనిషి అదిరిపడితే ఎర్రగీత, తాపీగా తప్పుకుంటే పచ్చగీత. పచ్చగీత తెప్పించే శబ్దం తయారుచేసి ఇచ్చే పని కుముదిని పనిచేసే స్టూడియోకి వచ్చింది.

కుముదిని చాలాకాలం అక్కడ సౌండ్ ఎడిటర్. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తలుపేసుకుని, వాన చప్పుళ్ళలోంచి కుక్క అరుపులు ఏరిపారేసేది. ఎవర్నీ ఏదీ అడగక్కర్లేని బతుకు. పాత ప్రొడక్షన్ మేనేజర్ చెన్నై వెళ్ళిపోగానే ఓనరు ఆమెని పిలిచి, "పనిమంతురాలివి కదమ్మా, నలుగురి చేత పని చేయించడం నీకో లెక్కా?" అని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. కూర్చున్నాక తెలిసింది, శబ్దాలని లొంగదీసినంత తేలిక కాదు మనుషుల్ని లొంగదీయడం. మీటింగులో ఆమె నోరు విప్పితే పక్కవాళ్ళు వాళ్ళ కబుర్లు వాళ్ళు చెప్పుకునేవారు. ఈ ప్రాజెక్టు పోతే మళ్ళీ తలుపేసుకుని కుక్క అరుపులు ఏరుకోవడమే. ఆ గదిలోకి ఇంక వెళ్ళకూడదని ఆమె పంతం. ఒక్కసారైనా తను చెప్పిన మాట నలుగురూ వినాలని ఆమెకి ఎంత ఆశ ఉండేదో పైకి చెప్పుకోలేదు.

శబ్దం తయారుచెయ్యాల్సిన దావీదు మాస్టారికి పొద్దున్నించి ఫోన్ చేస్తూనే ఉంది.

"తొందరపెడితే పుట్టేది శబ్దం కాదమ్మా, గోల," అన్నాడాయన, ఆవులిస్తూ.

"సరే మాస్టారూ," అని పెట్టేసింది. ఎందుకు సరే అన్నానా అని తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఇలాంటప్పుడు స్టూడియోల్లో ఒక పద్ధతి ఉంది. అసలు శబ్దం వచ్చేదాకా చోటు ఖాళీగా ఉండకుండా చేతికి దొరికిందేదో పెడతారు. దాన్ని టెంపు అంటారు. దాని మధ్యమధ్యలో ఒక బీప్ దూరుస్తారు. వినీ వినీ దాని మీద మోజు పడి, పొరపాటున దాన్నే బయటికి పంపెయ్యకుండా ఆ బీప్ కాపలా. కుముదిని ఫోన్‌లో ఆ పొద్దుటి రికార్డింగ్ ఒకటి ఉంది. శబ్దాల వాళ్ళకి ఫోన్ రికార్డర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకునే జబ్బు. బడికి వెళ్తూ ఆరేళ్ళ కూతురు మిన్ను రోడ్డు మధ్యలో ఆగి కుక్కపిల్లని చూస్తూ నిలబడిపోతే, తను పిలిచిన పిలుపు అది.

"పక్కకి రా, నాన్నా!"

ఆ ముక్కకి బీప్ తగిలించి బస్సులోకి ఎక్కించింది. బస్సు కదిలింది. బీప్ వచ్చిన ప్రతిసారీ వలంటీర్లు అదిరిపడ్డారు, తెర నిండా ఎర్రగీతలు. తారానాథ్ మొహం చిట్లించాడు. బస్సుల కంపెనీ వాళ్ళు వాచీలు చూసుకున్నారు. కుముదిని గబగబా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. ఈ ఒక్కసారికే కదా అనుకుని బీప్ తీసేసింది.

ఈసారి బస్సు మైదానం ఈ చివరనించి ఆ చివరదాకా ఎవరికీ తగలకుండా వెళ్ళిపోయింది. తెర పచ్చబడింది. మెలితిప్పిన మీసాలున్న ఆటో డ్రైవరొకడు బుద్ధిగా పక్కకి జరిగి, తర్వాత చుట్టూ వెతుక్కున్నాడు.

"ఏటండీ ఇది, మా యమ్మ పిలిచినట్టుంది! ఆవిడ పోయి చాన్నాళ్ళయిపోనాదండీ," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

తారానాథ్ గీతల్ని పెద్దవి చేసి చూశాడు. "ఇక్కడ పనిచేస్తున్నది మాట కాదమ్మా. గొంతు కూడా కాదు. 'నాన్నా' దగ్గర ఒక సాగతీత ఉంది చూడండి, కాస్త కోపం, కాస్త కంగారు. అది చెవిలో పడగానే, మెదడుతో చెప్పకుండానే కాళ్ళు కదులుతున్నాయి. ఏం శబ్దం ఇది?"

"టెంపు సార్. అసలుది వస్తుంది."

ఆ మాట ఆమె మూడు మీటింగుల్లో చెప్పింది. ఎప్పట్లాగే ఎవరూ వినలేదు. బీప్ లేదు కాబట్టి ఫైలు చూసిన వాళ్ళెవరికీ అనుమానం రాలేదు. నెలాఖరుకి ఊళ్ళో ప్రతి బస్సులోనూ ఆమె గొంతే.

జగదాంబ జంక్షన్‌లో, బీచ్ రోడ్డులో, కూరగాయల బజార్లో, రౌడీలూ, పంతుళ్ళూ, పెళ్ళికొడుకులూ, అందరూ బుద్ధిమంతులైపోయారు. బస్సు కింద పడ్డ మనిషి అనే వార్తే పేపర్లో లేకుండా పోయింది. జనం వాటికి నాన్నా బస్సులని పేరు పెట్టుకున్నారు.

కుముదిని దశ తిరిగింది. మీటింగులో నోరు తెరవగానే గది సద్దుమణిగేది, కుర్చీలు కిర్రుమని వెనక్కి జరిగేవి. వరండాలో ఎవర్నైనా పలకరిస్తే గోడకి అతుక్కుని దారి ఇచ్చేవారు. దావీదు మాస్టారు కూడా! ఇన్నాళ్ళకి మేనేజ్‌మెంట్ వంటబట్టిందని ఆమె మురిసిపోయింది. బేకరీ దగ్గర "ఒక బ్రెడ్డు ఇవ్వండి" అనగానే ముందున్న క్యూ రెండుగా చీలిపోయినప్పుడు మాత్రం ఎందుకో మనసు కలుక్కుమంది. బ్రెడ్డు తీసుకుని గబగబా వచ్చేసింది.

ఆ సాయంత్రమే మిన్నుని తీసుకురావడానికి బడికి వెళ్ళింది. భర్త ఓడ మీద ఉద్యోగస్తుడు, ఏడాదిలో సగం సముద్రం మీదే. తల్లికి కూతురు, కూతురికి తల్లి. మిన్ను గేటు దాటి వస్తూ కనిపించింది.

"మిన్నూ! ఇటు రా నాన్నా!"

పిల్ల తల ఎత్తలేదు. ఒక అడుగు పక్కకి వేసి, బస్సు వెళ్ళిపోయేదాకా ఆగినట్టు ఆగింది. ఫుట్‌పాత్ మీదున్న పిల్లలందరూ కూడా తలో అడుగు పక్కకి వేశారు.

"మిన్నూ!"

ఇంకో అడుగు. ఇంకా దూరం.

కుముదిని ఇంక పిలవలేదు. పరిగెత్తుకెళ్ళి పిల్ల భుజాలు పట్టుకుంది. "నేను బస్సుని కాదే! అమ్మని!"

మిన్ను బెదిరిపోయి చూసింది. "తెలుసమ్మా. నేను వద్దామనే అనుకున్నాను. కాళ్ళే వెళ్ళిపోతున్నాయి." చెప్పి ఏడుపు మొదలెట్టింది. కుముదిని కూడా ఏడ్చింది, నడిరోడ్డు మీద, సిగ్గు లేకుండా. చుట్టూ పిల్లలు మర్యాదగా దారి ఇచ్చి నిలబడ్డారు.

ఆ వారంలోనే దావీదు మాస్టారి శబ్దం వచ్చింది. వెదురు కొమ్మల్లోంచి గాలి వెళ్తున్నట్టు ఉంది, నిజంగా అందమైనది. కుముదిని దాన్ని పట్టుకుని తారానాథ్ దగ్గరికి పరిగెత్తింది.

"రేపే మార్చేద్దాం సార్. నా టెంపు తీసెయ్యండి."

తారానాథ్ విన్నాడు. బాగుందన్నాడు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"మార్చవచ్చు. కానీ కుముదినిగారూ, ఇప్పుడు ఊరి కాళ్ళకి మీ పిలుపు అలవాటైపోయింది. దాన్ని మరిచి, దీన్ని నేర్చుకునేదాకా కొన్ని వారాలు ఏ శబ్దానికీ ఎవరూ కదలరు."

"ఆ వారాల్లో ఎంతమంది సార్?"

"చెప్పలేను. ఎవరూ ఉండరని మాత్రం చెప్పలేను."

తారానాథ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "మీరు మేనేజరు. మీరు ఊ అంటే మారుస్తాం. మీరు వద్దంటే లేదు."

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. లేచి కూర్చుంది, నీళ్ళు తాగింది, మళ్ళీ పడుకుంది. పక్కనే మిన్ను. ఆ పిల్ల తనకి మళ్ళీ కావాలి. కళ్ళు మూసుకుంటే మాత్రం ఇంకెవరో పిల్ల రోడ్డు మధ్యలో కుక్కపిల్లని చూస్తూ నిలబడి ఉంది, దాని వెనక చప్పుడు లేని బస్సు.

పొద్దున్న మీటింగు పెట్టింది. ఓనరు, మాస్టారు, కంపెనీ వాళ్ళు, అందరూ వచ్చారు.

"మాస్టారి శబ్దం పక్కన పెట్టెయ్యండి," అంది. "టెంపే ఉంటుంది. ఇదే చివరి మాట."

కిర్రుమని కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి. మేనేజరుగా ఆమె తీసుకున్న మొదటి నిర్ణయం అది, దాన్ని కాదన్నవాళ్ళు లేరు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, తన మాట నలుగురూ విన్నందుకు కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. గొంతు విప్పి ఏం మాట్లాడినా ఆమె మాటలో ఆ సాగతీత వచ్చేసేది; గుసగుసలో అది ఉండదు, మిన్ను కాళ్ళు కదలవు. అన్నానికి రా అన్నా, లెక్కలు చెయ్యి అన్నా, చెవి దగ్గరికి వంగి చెప్పడమే. మిన్నుకి మొదట్లో ఇదొక దొంగాటలా ఉండేది. రాను రాను తల్లి కంటే బాగా అలవాటు పడింది. దూరంనించి పిలిచే అవసరం రాకుండా కుముదిని పిల్ల చెయ్యి వదలడం మానేసింది.

ఒక ఆదివారం బీచ్ రోడ్డులో ఆ చెయ్యి కాస్సేపు వదలాల్సి వచ్చింది. స్టూడియోనించి ఫోన్. దావీదు మాస్టారు మళ్ళీ ఏదో ఆలస్యం చేశాడట. కుముదిని ఫోన్ చెవిన పెట్టుకుని, ఆయన్నే లైన్లోకి పిలిచి గట్టిగానే దులిపేస్తూ నాలుగడుగులు ముందుకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆమెకి అలా దులపడం వచ్చు.

వెనకాల మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర మిన్ను ఆగిపోయింది. తల్లి వెళ్ళిపోతోందని చూసి కంగారు పడింది. కోపం కూడా వచ్చింది. పుట్టిననాటినించి తను విన్నది ఒక్కటే పిలుపు, ఆ సాగతీతతోనే పిలిచింది.

"అమ్మా! ఇటు రా, నాన్నా!"

కుముదిని విన్నది. కూతురని తెలిసింది. వెనక్కి తిరగాలనుకుంది.

కాళ్ళు ఒక అడుగు పక్కకి వేశాయి. బస్సేదో వెళ్ళిపోయేదాకా ఆగినట్టు అలాగే నిలబడ్డాయి.

మిన్ను పరిగెత్తుకుంటూ వచ్చింది. తల్లి చీర కొంగు పట్టి కిందికి లాగి, ఆమె చెవికి నోరు ఆనించి మెల్లిగా గుసగుసలాడింది.

"అమ్మా, నేను బస్సుని కాదు."