ఎదురు చెప్పే లివరు

“ఇది జాయ్‌స్టిక్కు కాదండీ. జాయ్‌స్టిక్కు వేషం కట్టిన ప్లాస్టిక్ డబ్బా.”

అనేశాక గానీ స్ప్రింగుకి తెలియలేదు, ఆ మాట ఎదుట నిలబడ్డ అమ్మాయికి ఎక్కడో తగిలిందని.

స్ప్రింగు అతని అసలు పేరు కాదు. ఫైటింగ్ గేములు ఆడేవాళ్ళు కొనుక్కునే చవకరకం స్టిక్కుల్ని విప్పి, లోపలి నాసి సామాను పీకేసి, గట్టి సామాను వేసి ఇవ్వడం అతని పని. మేనత్త టైలరింగ్ షాపులో ఒక మూల బల్లే అతని కార్ఖానా. ఏ స్టిక్కు తెచ్చినా ముందు స్ప్రింగు మార్చమంటాడని ఆటగాళ్ళు పెట్టిన పేరది. అత్త కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాక అసలు పేరుతో పని లేకుండా పోయింది.

ఆ అమ్మాయి ఇందాకే తడిసిన గొడుగు గుమ్మం బయట ఆనించి లోపలికొచ్చింది. వీధి చివరి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే అమ్మాయి. రెండేళ్ళుగా అతను ఆ షాపు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా, తిరిగే రాయి మీద అద్దం పట్టుకున్న ఆ వేళ్ళని చూస్తూ పోతున్నాడు. అవే వేళ్ళు ఇవాళ అతని బల్ల మీద డబ్బాని పెట్టాయి.

“వేషమో, అసలో నాకు తెలియదండీ. పైకి తోస్తే తెర మీద బొమ్మ దూకాలి. దూకట్లేదు. మూలకి తోస్తే అసలు పలకట్లేదు. బాగవుతుందా, అవదా?”

“అవుతుందా అని కాదు, ఎంత బాగా అవుతుందో అడగండి.”

కుట్టుమిషన్ ఆగింది. “నీ డప్పు తర్వాత కొట్టుకుందువు గానిరా. అడిగినదానికి జవాబు చెప్పు” అంది అత్త.

ఆ అమ్మాయి నవ్వలేదు. “శనివారానికి కావాలి” అంది.

“శనివారానికి మీ చేతిలో ఉంటుంది.”

ఆమె డబ్బా మీది లివరు కర్రని రెండు వేళ్ళతో పట్టుకుని ఒకసారి కదిపి చూపించి వెళ్ళిపోయింది. ఎవరు ఆడతారని అతను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

మూడు రోజులు అతనికి వేరే లోకం లేదు. డబ్బా విప్పితే లోపల రేకుముక్కలే స్విచ్చులు. వాటిని ఊడబీకాడు. మంచి లివరు పట్టడానికి అడ్డమొచ్చిన ప్లాస్టిక్ దిమ్మల్ని కోసి చదును చేశాడు. నాలుగు కొత్త మైక్రోస్విచ్చులు బిగించి, ఒక్కో తీగా సోల్డర్ చేశాడు. చివరికి డ్రాయరులో దాచుకున్న స్ప్రింగుల్లో అన్నిటికంటే మెత్తనిది తీసి వేశాడు. పోటీలకెళ్ళే ఆటగాళ్ళు ఎంత బతిమాలినా ఇవ్వని స్ప్రింగది.

శనివారం ఆమె లివరు మీద వేలు పెట్టింది. స్విచ్చు టిక్కుమంది.

“ఇంత తేలికా!”

“ఊదినా కదులుతుంది” అన్నాడు.

ఆమె మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుతో అతనికి ఆదివారం గడిచిపోయింది.

సోమవారం వాన. ఆమె గొడుగు లేకుండా వచ్చింది. డబ్బాని మాత్రం సంచీలో చుట్టి, తడవకుండా తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఎవరి కోసం చేశారండీ ఇది?”

“మీ కోసమే.”

“నాకని నేను చెప్పానా?”

స్ప్రింగు నీళ్ళు నమిలాడు. “మీరే తెచ్చారు కదా అని... మీ వేళ్ళు సన్నం. అద్దం పట్టుకునేటప్పుడు మీరు బలం వాడరు. బొటనవేలు, పక్క వేలు, అంతే. అందుకని మెత్తటి స్ప్రింగు...”

మాట మధ్యలోనే ఆగిపోయింది. మిషన్ కూడా ఆగిపోయింది.

“నా వేళ్ళు మీరెప్పుడు చూశారు?”

అబద్ధం ఆడదామంటే నోరు రాలేదు. “రోజూ చూస్తానండీ.”

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది. కోపం తగ్గలేదు గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి నిలబడింది.

“చూశారు. అడగలేదు” అంది. “ఇది మా నాన్నకండీ.”

ఆమె తండ్రి ఇరవై ఎనిమిదేళ్ళు క్రేన్ నడిపాడు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. కొంచెం తిరిగి వచ్చింది. మిగతాది రావాలంటే ఆ చేతిని ఆడిస్తూనే ఉండాలని, వదిలేస్తే గుప్పిట బిగుసుకుపోయి ఇక తెరుచుకోదని ఫిజియోథెరపిస్టు చెప్పాడు. రబ్బరు బంతి పిసకమంటే ‘నేను చంటిపిల్లాడినా’ అని మూలకి విసిరేశాడు. కూతురితో ఫైటింగ్ గేమంటే మాత్రం కూర్చున్నాడు.

“బొమ్మ దూకనప్పుడల్లా నాన్న డబ్బావంక చూసేవారు కాదు, తన చేతివంక చూసేవారు. తప్పంతా చేతిదే అనుకున్నారు. అందుకని మీ దగ్గరికి తెచ్చాను. మీరేమో ఊదితే కదిలేట్టు చేశారు. ఆ చెయ్యి వణుకుతుందండీ. వణికినప్పుడల్లా బొమ్మ గెంతింది. పిచ్చి పట్టినట్టు గెంతింది. ‘నా వణుకు ఇప్పుడు టీవీలో కూడా చూపిస్తున్నారా’ అన్నారు నాన్న. రెండ్రోజులైంది, ఆ చేతిని దుప్పటి కింద నుంచి బయటికి తియ్యడంలేదు.”

స్ప్రింగుకి తల కొట్టేసినట్టయింది. బల్ల మీద స్క్రూలన్నీ ఒక్కసారిగా పరాయివాడి సామానులా కనిపించాయి.

“చొక్కా గుడ్డ ఎవరు తెచ్చినా, ఎవరికని అడుగుతానురా నేను” అంది అత్త, ఈసారి మెల్లగా. “తెచ్చినవాళ్ళ కొలత తీసుకోను.”

“ఒక్కసారి మీ ఇంటికి రానివ్వండి” అన్నాడు స్ప్రింగు.

“నాన్న చెయ్యి చూపించరు.”

“చెయ్యి చూపించమననండీ. లివరు గురించి అడుగుతాను.”

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కిటికీ ఉంది గానీ కుర్చీ గోడవైపు తిరిగి ఉంది. కుర్చీలో క్రేనాయన. ఒడిలో దుప్పటి.

“నువ్వేనా, గాలికి ఊగే లివరు చేసింది?”

“నేనేనండీ. తప్పు నాదే.”

తప్పొప్పుకునేవాణ్ణి తిట్టడం కష్టం. ఆయన గొంతు సవరించుకున్నాడు. “క్రేన్ ఎక్కావా ఎప్పుడన్నా?”

“లేదండీ. మీ లివరు ఎలా ఉండేదో చెబుతారా?”

“ఏం చేసుకుంటావు?”

“నేర్చుకుంటాను.”

వంటగది గుమ్మంలో అమ్మాయి టీ గ్లాసులతో నిలబడిపోయింది.

“లివరన్నాక చేతికి ఎదురు చెప్పాలయ్యా” అన్నాడు ఆయన. “అన్నిటికీ సరేననే లివరుతో పన్నెండు టన్నుల దూలం ఎలా ఎత్తుతావు? కింద మనుషులుంటారు. నాకు దగ్గొచ్చి చెయ్యి అదిరిందనుకో, పైన దూలం కదలకూడదు. నేను తోస్తేనే కదలాలి. మాకు గాట్లుండేవి. ఒకటో గాటు, రెండు, మూడు. ఒక్కోటీ అరచేతికి టక్కుమని చెప్పేది. కంటితో పని లేదు. ఇదిగో, ఇలా...”

చూపించడానికి దుప్పటి కింద నుంచి ఎడమ చెయ్యి బయటికొచ్చింది. లేని లివరుని పట్టుకుంది. వణుకుతూనే ముందుకు వెళ్ళింది, ఆగింది, ఇంకొంచెం వెళ్ళింది.

గుమ్మంలో టీ గ్లాసులు చిన్నగా మోగాయి. స్ప్రింగు ఆ చేతివంక తేరిపార చూడలేదు. ఆయన ముఖంలోకి చూస్తూనే, కంటి చివర నుంచి కొలతలన్నీ తీసుకున్నాడు. మూడు వేళ్ళు ముడుచుకుంటున్నాయి. చిటికెన వేలు రావట్లేదు. బొటనవేలికి పట్టు లేదు. అరచేతిలో మాత్రం బలముంది.

“ఎత్తెంత ఉండేదండీ?”

“జానెడు.”

“పైన పిడి? గుండ్రంగానా?”

“కోలగా. కోడిగుడ్డుని కొంచెం సాగదీసినట్టు.”

మెట్ల దగ్గర అమ్మాయి అడ్డం నిలబడింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. “ఇది కూడా కుదరకపోతే ఇంకోసారి ఆడమని నాన్నని అడగలేనండీ. ఆయన కూర్చోరు.”

“తెలుసు. అందుకే ఒక్కణ్ణే చెయ్యలేను. మీరు కూడా రావాలి.”

“నేనేం చెయ్యగలను?”

“గాట్లు.”

లివరు కింద ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. లివరు ఏ వైపు ఎంత దూరం పోవాలో కాసేది అదే. మామూలుగా దాని రంధ్రం నలుచదరంగా ఉంటుంది. దాన్ని ఎనిమిది మూలలు చేసి, ఒక్కో మూలలో లివరు ఒదిగి కూర్చునేలా గాటు తియ్యాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే లివరు ఇరుక్కుంటుంది, తక్కువైతే చేతికి తెలియదు. ఆ పని స్ప్రింగు ఆకురాయికి లొంగేది కాదు, అద్దాలు అరగదీసే వేళ్ళు కావాలి.

మర్నాటి నుంచి ఆమె పని దిగగానే వచ్చి బల్లకి అటువైపు కూర్చునేది. అతను అన్నిటికంటే గట్టి స్ప్రింగు వేశాడు. ఇనుప కడ్డీ జానెడు కోసి లివరు పొడవు పెంచాడు. చెక్క పిడి కోలగా చెక్కాడు. డబ్బా బల్ల మీద జారకుండా అడుగున ఇనుప పలక బిగించాడు. ఆమె మాటామంతీ లేకుండా గాట్లు అరగదీసేది.

“మీరు నా వేళ్ళు చూస్తున్నారు” అనేది తలెత్తకుండానే.

“పలక చూస్తున్నానండీ.”

“పలక ఇటుంది.”

“ఇద్దరూ పని చెయ్యండి, లేకపోతే ఇద్దరూ మాట్లాడుకోండి” అనేది అత్త. “మధ్యలో నేను దారం ఎక్కించలేక చస్తున్నాను.”

రెండు పలకలు పాడయ్యాయి. మూడోది కుదిరింది. ఎనిమిదో గాటు పూర్తయ్యాక ఆమె కళ్ళు మూసుకుని లివరు తిప్పింది. టక్, టక్, టక్. కళ్ళు తెరవకుండానే, “నాన్నకి ఇది తెలుస్తుంది” అంది. అంత నమ్మకం ఉంచిన మనిషి ముందు నోరు జారడానికి స్ప్రింగుకి భయం వేసింది.

గురువారం సాయంత్రం కుర్చీని టీవీ వైపు తిప్పారు. క్రేనాయన డబ్బావంక చూశాడు, చెయ్యి పెట్టలేదు.

“మళ్ళీ గెంతుతుందా?”

“మీరు తోస్తేనేనండీ.”

ఆయన కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి పిడి మీద పెట్టాడు. చెయ్యి వణికింది. లివరు కదల్లేదు. తెర మీద బొమ్మ నిలకడగా నిలబడింది. ఆయన కనుబొమలు ముడిచి, మెల్లగా కుడివైపుకి తోశాడు.

టక్.

బొమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

ఆయన ఊపిరి బిగబట్టి ఎడమవైపుకి లాగాడు. టక్. మూలకి తోశాడు. టక్. బొమ్మ ఎగిరి దూకింది.

“నువ్వు కూర్చోవయ్యా ఎదురుగా” అన్నాడు.

స్ప్రింగు రెండో స్టిక్కు తీసుకుని కూర్చున్నాడు. కావాలని ఓడిపోవడం అతనికి ఎంతసేపు! ఆ ఆలోచన వచ్చేసరికి అమ్మాయివంక చూశాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను ఉన్న బలమంతా పెట్టి ఆడాడు. నిమిషం తిరక్కుండానే పెద్దాయన బొమ్మ నేలకొరిగింది.

అమ్మాయి గోడకి ఆనుకుంది. ఆయన తెరవంకే చూస్తున్నాడు. చేతివంక చూడలేదు.

“దూకమన్నప్పుడు దూకాడు” అన్నాడు. “ఆగమన్నప్పుడు ఆగాడు. అయితే ఓడింది నేను. చెయ్యి కాదు.” ఆ మాటని తనే ఇంకోసారి విన్నట్టు ఆగి, “ఇంకోటి వెయ్యి” అన్నాడు.

నాలుగాటలు ఓడాడు. అయిదోదానికి చెయ్యి అలిసిపోయింది. దాన్ని దుప్పటి కింద దాచలేదు. ఒళ్ళో పెట్టుకుని, కష్టపడి వచ్చిన కొడుకుని నిమిరినట్టు నిమిరాడు.

మెట్ల దగ్గరదాకా ఆమె వెంట వచ్చింది. బయట వాన సన్నబడింది.

“ఇక స్టిక్కు చెడిపోదు కదా?”

“పదేళ్ళు చూసుకోనక్కర్లేదు.”

“అంత బాగా చెయ్యకుండా ఉండాల్సింది” అందామె, వానవంక చూస్తూ.

అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. “చెడిపోకపోతే రాకూడదా అండీ?”

“ఆదివారం మధ్యాహ్నం రండి. నాన్న నిద్రపోతారు. స్టిక్కు పని మీద మాత్రం కాదు.”

“మరి దేని మీద?”

“ఈమధ్య అన్నీ అడిగి తెలుసుకుంటున్నారుగా. అడగండి.”

“అయితే ఆదివారందాకా ఎందుకు?” అన్నాడతను. “నేనంటే మీకు ఇష్టమేనా?”

ఆమె మెట్ల కమ్మీ మీద ఉన్న అతని చేతిని చూసింది. సోల్డర్ తగిలి కమిలిన వేళ్ళు. రెండేళ్ళుగా అతను చూస్తూ పోయిన వేళ్ళు వాటి మీద ఆనాయి.

“ఇష్టమే” అంది. “రోజూ షాపు ముందు నడక నెమ్మదించేవారు కదా. ఎప్పటికైనా లోపలికొస్తారేమో అనుకునేదాన్ని. చివరికి నేనే రావాల్సొచ్చింది.”

అప్పుడే లోపలి నుంచి గొంతు వినిపించింది.

“అమ్మాయ్! ఆదివారం మధ్యాహ్నం నేనెప్పుడు నిద్రపోయానే?”

ఇద్దరూ బిగుసుకుపోయారు. చేతులు మాత్రం విడిపోలేదు. తర్వాత అదే గొంతు, ఈసారి కావాలని విసుక్కున్నట్టు పలికింది.

“సరే, ఈ ఆదివారం నుంచి పడుకుంటాలే.”