ముఖాలు వేయని చిత్రకారుడు

"ఆ సముద్రం మా అన్నను మింగింది. మీరేమో దానికి సింగారాలు చేస్తున్నారు!"

వాన నీళ్లు కారుతున్న తెల్లటి సఫ్సారీ ముసుగుతోనే గదిలోకి వచ్చి నిలదీసింది బేయా. హమ్మాదీ చేతిలో కుంచె ఆగిపోయింది. మహ్దియా రేవు మీద నవలలు రాస్తాడతను. ఆ రేవునే బొమ్మలుగానూ వేస్తాడు. ఇంతవరకు ఎవరూ ఇలా మీదపడలేదు.

"మీకేం కావాలండీ?"

"మా అన్న అమోర్ బొమ్మ. చేపల వేటకెళ్లి రెండేళ్లయింది. శవం కూడా దొరకలేదు, ఒక్క ఫోటో లేదు. అమ్మ రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటుంది."

"నేను ముఖాలు వేయను. చేతకాదు."

"నవలల్లో ఊళ్లోవాళ్ల ముక్కూ మూతీ అన్నీ వర్ణిస్తారుగా! అన్నవి నా పోలికలే. కూర్చుంటాను, వేయండి."

ఆ చలికాలం మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచాయి. తోడొచ్చిన మేనత్త మూలన కునికిపాట్లు పడేది.

"మీ అన్న ఎలా నవ్వేవాడు?"

నవ్వి చూపించబోయింది బేయా. పెదవులు వణికాయి, ఏడుపొచ్చేసింది. అతను కుంచె పక్కనబెట్టి, పుదీనా టీ ఆమె చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి 'మీరు' పోయింది.

"నీ నవలల్లో అందరూ మునిగిపోతారేంటి?"

"ఒడ్డుకు చేర్చడం రాదు."

"నేర్చుకో మరి!"

బొమ్మ పూర్తయిన రోజు ఆమె ముఖం పాలిపోయింది.

"ఇది అన్న కాదు. నేను."

"మీసం పెట్టాను, చెరిపాను, మళ్లీ వేశాను. ప్రతిసారీ నువ్వే వచ్చావు. ఏం చేయను బేయా? నాకు నువ్వు తప్ప ఇంకెవరూ కనిపించడం లేదు."

"ఇప్పుడా చెప్పేది! అమ్మ ఆశగా ఎదురుచూస్తోంది. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?"

"నేనొస్తాను. తిట్లు నేనే తింటాను."

మసక వెలుతురు గదిలో ఆ తల్లి బొమ్మను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. బయట వాన ఆగలేదు.

"నా కొడుకు కాదు," అంది చివరికి.

హమ్మాదీ తల వంచుకున్నాడు. "క్షమించండమ్మా."

ఆమె వినిపించుకోలేదు. బొమ్మ పక్కనబెట్టి, ఎదురుగా కూర్చున్న కూతురి చెంప తడిమింది. "ఎంత చిక్కిపోయావే! రెండేళ్లుగా నా కళ్లెదుటే తిరుగుతున్నావు. ఒక్కసారీ నిన్ను చూడలేదు కదే నేను!"

బేయా ఆమె ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. కొడుకు కోసం కన్నీళ్లింకిన ఆ తల్లి కూడా ఏడ్చింది.

కాసేపటికి ముసలామె కళ్లు తుడుచుకుంది. "బాబూ, నేను చూడని నా బిడ్డను నువ్వు ఇంతగా చూశావు. రేపు మీ అమ్మను వెంటబెట్టుకుని రా."