సొంత వాక్యం

పొద్దున్నే పాలగిన్నె దించి, తల్లి గదిలోని గ్లాసు కడుగుదామని తీసింది కూతురు. రాత్రిళ్లు తల్లి పళ్లసెట్టు ఆ గ్లాసులోనే ఉంటుంది. నీళ్లు లేత ఎరుపుగా ఉన్నాయి.

"అమ్మా, ఇదేంటి? రక్తమా?"

"ఏం లేదులే. అక్కడ పెట్టు," అంది తల్లి, బోసినోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఏదీ, నోరు తెరు."

"పొద్దున్నే ఈ పేచీ ఏంటే?"

బలవంతాన చూస్తే, కింది చిగుళ్లు ఒరుసుకుని పుండు పడ్డాయి. సెట్టు కట్టించి నెల దాటింది. ఈమధ్య తల్లి రొట్టె పాలలో నానబెట్టుకుని తింటుంటే, వయసు మీద పడి ఆకలి మందగించిందనుకుంది కూతురు.

"ఇంత పుండు పడితే చెప్పవా? మేమేమన్నా పరాయివాళ్లమా?"

"చెప్పానుగా, డాక్టరు దగ్గర. రెండుసార్లు."

"మరి ఆ తర్వాత?"

తల్లి బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతున్న అల్లుడి వైపు చూసింది. ఆయన ఇంగ్లీషు మాస్టారు. ఎవరు ఏ మాటకు అర్థం అడిగినా ఊరికే చెప్పడు. సొంత వాక్యం చేయించి మరీ వదులుతాడు.

ఆయన కలం ఆగిపోయింది. "అత్తయ్యగారూ, ఆవేళ మీరు 'ఫస్సీ' అంటే ఏంటని అడిగింది... ఇందుకా?"

"ఏంటండీ అది?" అంది భార్య.

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు అడిగారు. అదొక విశేషణం, ఏది ఇచ్చినా వంకలు పెట్టేవాళ్లని అలా అంటారని చెప్పా. కొట్లో బట్టలన్నీ దింపించి ఒక్కటీ కొననివాళ్లని ఉదాహరణ కూడా ఇచ్చా. మీ వాక్యం చెప్పండంటే 'ఐ యామ్ నాట్ ఫస్సీ' అన్నారు. పదికి పది వేశాను." గొంతు తగ్గింది. "నవ్వాను కూడా."

ఆ మాట ఎక్కడిదో కూతురికి తెలుసు. ఆవేళ ఆస్పత్రిలో, డ్యూటీకి ఆలస్యమవుతోందని గడియారం చూసుకుంటూ, 'షీ ఈజ్ ఎ బిట్ ఫస్సీ, డాక్టర్' అన్నది తనే. డాక్టరమ్మ నవ్వింది. ఎందుకో తెలియకుండానే కుర్చీలో తల్లి కూడా నవ్వింది.

"నేనేదో మాటవరసకి అన్నానమ్మా..."

"తెలుసే. కానీ మళ్లీ మళ్లీ నిన్ను ఆస్పత్రి చుట్టూ తిప్పితే, నువ్వన్న మాట నేనే నిజం చేసినట్టు కదా?"

కూతురు తల్లి మంచం మీదే కూలబడింది. రోజంతా మందుల షాపు కౌంటర్లో నిలబడి ఊళ్లోవాళ్ల నొప్పులన్నీ ఓపిగ్గా వింటుంది తను. షాపుకి ఫోన్ చేసి రానని చెప్పేసి, తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"ఎక్కడ నొప్పి పెద్దమ్మా?" అంది డాక్టరమ్మ, చిన్న అద్దం పట్టుకుని.

తల్లి నోరు తెరవబోయి ఆగింది. చెప్పొచ్చా అన్నట్టు కూతురి ముఖంలోకి చూసింది.

కూతురు తల్లి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు.

"అన్నీ చెప్పమ్మా. ఎంతసేపైనా ఇక్కడే ఉంటా."

తల్లి డాక్టరు వైపు తిరిగింది.

"అయితే వినమ్మా. ముందు, ఈ కుర్చీ మరీ ఎత్తు."