స్నానాల గదిలో అంకెలు

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాదు. సరుకుల చీటీ కూడా మా ఆయనే రాస్తాడు. ఐదో తరగతి, పన్నెండో ఎక్కం — అక్కడితో సరి. తప్పులుంటే సర్దుకోండి.

మా హోమ్‌లో ముసలివాళ్ళుంటారు. నేను రాత్రి ఆయాని. వసారా చివర స్నానాల గది ఉంది చూడండి... దానికి చెడ్డపేరు వచ్చింది.

తనిఖీ వాళ్ళు వచ్చి వెళ్ళాకే వచ్చింది. "లోపల ఎవరైనా పడిపోతే తలుపు ఎలా తీస్తారు?" అని వాళ్ళు గడియ పీకించేశారు. గోడకి కడ్డీ వేయించారు, నేల మీద రబ్బరు చాప పరిపించారు. అన్నీ మంచి పనులే. కానీ ఆ రోజు నుంచే అర్ధరాత్రి అక్కడ నీళ్ళ చప్పుడు... వెనకాలే ఒక గొంతు...

వాచ్‌మన్ బాబాయి స్వయంగా విన్నాడట. "ఇరవై ఆరు అంది. ముప్పై తొమ్మిది అంది. అవి వయసులే తల్లీ! ఎవరి తరవాత ఎవర్ని పట్టుకుపోవాలో వరస పెట్టుకుంటోంది."

ఇరవై ఆరేళ్ళ నర్సు మర్నాడే పగటి డ్యూటీకి మారిపోయింది. ముప్పై తొమ్మిదేళ్ళ వంటక్క జ్వరమని ఇంట్లో పడుకుంది.

"తరవాత ఎంత అంది బాబాయ్?"

"నా కాళ్ళు విననిస్తే కదా! అవి అప్పటికే గేటు దగ్గరున్నాయి."

ఈ గొడవలో ఇంకో గొడవ, లెక్కల టీచరమ్మ. రిటైరై ఎన్నేళ్ళయినా మమ్మల్ని ఇంకా బెంచీ ఎక్కించేట్టే చూస్తుంది. గడియ పీకిన రోజు నుంచి స్నానం చెయ్యనని కూర్చుంది. ఎంత బతిమాలినా "రేపు" అంటుంది. మేనేజరమ్మకి ఒళ్ళు మండింది.

"తనిఖీ వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. రేపు కూడా మొండికేస్తే మేడ మీదకి, మంచం పట్టినవాళ్ళ హాల్లోకి మార్చేస్తాను. ఇద్దరు ఆయాలు తడిగుడ్డతో తుడుస్తారు."

టీచరమ్మ దుప్పటి ముఖం మీదకి లాక్కుంది. దుప్పటి సర్దుదామని వంగితే ఆవిడ దగ్గర సబ్బు వాసన... నా ముక్కుకే ఏదో అయిందనుకున్నాను.

ఆ రాత్రి ఓ తాతగారు పక్క తడిపారు. బకెట్టూ గుడ్డా స్నానాల గదిలో ఉండిపోయాయి.

"బాబాయ్, తోడు రావా?"

"కడుపులో బాలేదమ్మా."

"ఇందాక మారు వడ్డించుకుని మరీ తిన్నావుగా?"

"అందుకే."

టార్చి పట్టుకుని నేనే వెళ్ళాను. నా చెప్పుల చప్పుడుకి నేనే ఉలిక్కిపడుతున్నాను. తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి. నీళ్ళు పడిన చప్పుడు... ఆగింది.

"ఇరవై ఆరు..."

మళ్ళీ నీళ్ళు.

"ముప్పై తొమ్మిది..."

వెనక్కి తిరుగుదామనుకున్నాను. కానీ బకెట్టు లోపలుంది.

"యాభై రెండు..."

నాకు యాభై రెండు.

టార్చి చేతిలోంచి జారి ఠంగుమంది. లోపల్నుంచి — "అమ్మో!" మగ్గు దొర్లింది. కాలు జర్రున జారిన చప్పుడు.

దెయ్యం "అమ్మో" అంటుందా? జారి పడుతుందా? ఆలోచన తెగకముందే లోపలికి దూరాను.

"కళ్ళు మూసుకో!"

"భయమేసి ఎప్పుడో మూసుకున్నానమ్మా!"

తడుముకుంటూ వెళ్తే, కడ్డీ పట్టుకుని వేలాడుతోంది మా టీచరమ్మ. నడుం చుట్టూ చెయ్యేసి బల్ల మీద కూర్చోబెట్టాను. తువ్వాలు కప్పేదాకా కళ్ళు తెరవలేదు. ఇద్దరికీ పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆవిడకి చలికి, నాకు దేనికో.

"మరి ఆ అంకెలేంటమ్మా?" అని గుసగుసగా అడిగాను.

"పదమూడో ఎక్కం. మనసులో చెప్పుకుని జవాబు పైకంటాను, మగ్గుకొకటి. తప్పిందంటే తల తిరుగుతోందని గుర్తు, అప్పుడు కూర్చుంటాను. నీకు రాదూ?"

"పన్నెండు దాకానే వచ్చమ్మా."

"అదీ సంగతి," అంది, తప్పంతా నాదే అయినట్టు.

తువ్వాలు బిగించుకుంటూ, చిన్న గొంతుతో, "పగలు ఎవరు పడితే వాళ్ళు తోసుకొచ్చేస్తారే. ఒకరు చీపురుకి, ఒకరు ఫినైలుకి. నేనక్కడ... ఆ అవతారంలో..." అని ఆగిపోయింది.

ఆ మాట నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్తవాళ్ళు ఎదురుగా ఉంటే నేను మంచినీళ్ళు కూడా అటు తిరిగే తాగుతాను.

తెల్లారి డ్యూటీ దిగినా ఇంటికి వెళ్ళలేదు. స్నానాల గది ముందు స్టూలు వేసుకుని, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. చీపురుకొచ్చినామెని వెనక్కి పంపాను. ఇంతలో మేనేజరమ్మ.

"ఇక్కడేం చేస్తున్నావ్?"

"గడియ పీకేశారు కదండీ..." అని గొణిగాను. "దాని బదులు... నేను."

"లోపల టీచరమ్మా? స్నానమే?"

తలూపాను. "సరే, మేడ మీద మంచం వద్దని చెబుతాను," అంటూ ఉండగా లోపల్నుంచి ఖంగుమని వినబడింది — "అరవై ఐదు!"

మేనేజరమ్మ రెండడుగులు వెనక్కేసింది. తన వయసు యాభై ఎనిమిదని చెబుతుంటుంది మరి.

"డెబ్భై ఎనిమిది... తొంభై ఒకటి..."

తరవాత ఏమీ లేదు. నీళ్ళ చప్పుడూ లేదు. తలుపు మీద చెయ్యేశాను.

"తరవాతెంత?" అంది లోపల్నుంచి.

వేళ్ళు మడిచాను. మళ్ళీ మొదటి వేలి నుంచి మడిచాను. "నూట నాలుగు..."

"వినబడలేదు. గట్టిగా!"

వసారా అంతా వినబడేట్టు చెప్పాను.